తొమ్మిది అడుగులు లేని గదికి ఫాల్స్ సీలింగ్

నరసరావుపేటలో మా ఇంటి మేడ మీద ఒక గది ఉంది. 1994లో ఇల్లు కట్టించినప్పుడు నేల నుంచి శ్లాబు అడుగు వరకు 9 అడుగులు ఉండాలని నాన్నగారు మేస్త్రీతో చెప్పి మరీ కట్టించారు. కొన్నేళ్ల తరువాత పాత గచ్చును తవ్వకుండా దాని మీదనే మాలు పరిచి టైల్స్ వేయించడంతో 2 అంగుళాలు నేలకు పోయి, 8 అడుగుల 10 అంగుళాలు మిగిలింది. గది పొడవు 12 అడుగులు, వెడల్పు 11 అడుగులు. దక్షిణపు గోడకు 4 అడుగుల దూరంలో తూర్పు నుంచి పడమరకు ఒక దూలం ఉంది. అది శ్లాబు కంటే 10 అంగుళాలు కిందికి దిగి ఉంటుంది. అంటే దూలం కింద సరిగ్గా 8 అడుగులే.

పల్నాడు ఎండలు ఎలా ఉంటాయో ప్రతి మే నెలలోనూ రెంటచింతల పేరు పత్రికల్లో చదివేవారందరికీ తెలుసు. ఆ రెంటచింతల మాకు ఎంతో దూరం కాదు. పగలంతా కాలిన శ్లాబు రాత్రి పదకొండైనా ఆ వేడిని గదిలోకి దింపుతూనే ఉంటుంది. ఫ్యాన్ వేస్తే పైనున్న వేడి గాలినే కిందికి తోస్తుంది. పదవీ విరమణ తరువాత నాన్నగారు పుస్తకాలతో, పాత రేడియోతో ఆ గదిలోనే ఉండడానికి ఇష్టపడతారు. కింద పడుకోమంటే వినరు. అందుకని ఆ గదికి ఫాల్స్ సీలింగ్ వేయించాలని రెండేళ్ల కిందట నిశ్చయించుకున్నాను. వేయించాను కూడా. ఎత్తు తక్కువున్న గదికి ఆ పని ఎలా చేయాలో నేర్చుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఇలాంటి మేడ గదులు మన ఊళ్లలో వేలకొద్దీ ఉన్నాయి కనుక, తెలుసుకున్నదంతా వివరంగా రాస్తున్నాను.

మొదట వచ్చిన కాంట్రాక్టరు గదిని ఒకసారి పైకి చూసి, దూలం కనిపించకుండా మొత్తం గదిని దూలం అడుగుకు సమంగా దింపేద్దామని, చుట్టూ మెట్టులా చేసి లోపల దాపుడు లైట్లు పెడదామని చెప్పారు. చేతిలోని ఫోనులో చూపించిన బొమ్మలన్నీ అందంగానే ఉన్నాయి. ఆయన వెళ్లాక నేను టేపు పట్టుకుని లెక్క వేశాను. దూలం అడుగు 8 అడుగులు. దాని కింద చట్రానికి, షీటుకు కలిపి 2 అంగుళాలు పోతే సీలింగ్ 7 అడుగుల 10 అంగుళాల దగ్గర నిలుస్తుంది. ఫ్యాన్ రెక్కలు సీలింగ్ నుంచి అడుగు కిందికి ఉండాలి కనుక, అవి నేల నుంచి 6 అడుగుల 10 అంగుళాల ఎత్తులో తిరుగుతాయి. నాన్నగారు చొక్కా తొడుక్కోవడానికి చేతులు పైకెత్తితే చాలు, రెక్కలు తగులుతాయి. సెలవులకు వచ్చే పిల్లలు మంచం మీద నిలబడితే ఏమవుతుందో చెప్పనవసరం లేదు.

ఆ సాయంత్రమే నాకు ఒక విషయం స్పష్టమైంది. ఎత్తున్న గదిలో సీలింగ్‌ను ఎంత దింపాలన్నది అందానికి సంబంధించిన ప్రశ్న. ఎత్తు లేని గదిలో దానిని తేల్చేది ఫ్యాన్. ఫ్యాన్ రెక్కలు ఎక్కడ తిరగాలో ముందు నిర్ణయించి, అక్కడి నుంచి పైకి లెక్క కట్టుకుంటూ పోతే సీలింగ్‌కు ఎంత చోటు మిగిలిందో తెలుస్తుంది. చాలామంది దీనిని తలకిందులుగా చేస్తారు. సీలింగ్ పూర్తయ్యాక ఫ్యాన్ రాడ్డును కోయిస్తారు. అప్పుడు రెక్కలు సీలింగ్‌కు మరీ దగ్గరగా వచ్చి, పైనుంచి లాక్కోవడానికి గాలి అందక, ఫ్యాన్ తిరుగుతున్నా గాలి తగలదు. జాతీయ భవన నియమావళి కూడా రెక్కలకు, పైకప్పుకు మధ్య దాదాపు 0.3 మీటరు, అంటే ఒక అడుగు ఉండాలని చెబుతుంది.

2016 నాటి ఆ నియమావళిలోనే గదుల ఎత్తుల మాట కూడా ఉంది. మనుషులు నివసించే గదికి నేల నుంచి పైకప్పు అడుగు వరకు కనీసం 2.75 మీటర్లు ఉండాలి. అది మన పాత లెక్కలో 9 అడుగులు. ఏసీ పెట్టిన గదికి ఫాల్స్ సీలింగ్ అడుగు వరకు 2.4 మీటర్లు, అంటే 7 అడుగుల పదిన్నర అంగుళాలు చాలు. దూలం కింద కూడా కనీసం 2.4 మీటర్లు ఉండాలి. ఈ కొలతలతో చూస్తే మా గది టైల్స్ వేసిన నాడే హద్దుకు 2 అంగుళాలు కిందికి దిగింది. కాంట్రాక్టరు చెప్పినట్లు చేస్తే, ఏసీ గదికిచ్చిన సడలింపుకు కూడా లోబడదు. కనుక నేను పెట్టుకున్న హద్దు ఒక్కటే. శ్లాబు నుంచి ఎంత తక్కువ దింపితే పని జరుగుతుందో అంతే దింపాలి, దూలాన్ని దాచే ఆలోచన మానుకోవాలి.

దూలాన్ని వదిలేయాలంటే ఇంట్లో అందరూ అభ్యంతరం చెప్పారు. నున్నటి సీలింగ్ మధ్యలో దూలం కనబడితే ఏం బాగుంటుందని అమ్మ అడిగింది. ఒక్క దూలం కోసం గది మొత్తాన్ని 10 అంగుళాలు పొట్టి చేయడం కంటే, దానికి అటు ఒక భాగం, ఇటు ఒక భాగంగా రెండు సీలింగులు వేసి, దూలాన్ని నున్నగా పూసి అదే తెలుపు రంగు వేస్తే చూపు దానిని గోడలాగే సరిపెట్టుకుంటుందని నేను వాదించాను. ఇప్పుడు చూస్తే నిజంగానే అది కంటికి అడ్డు రాదు.

ఇక ఏ రకం సీలింగ్ వేయాలన్నది తేల్చవలసి వచ్చింది. మన ఊళ్లలో ప్రధానంగా నాలుగు రకాలు దొరుకుతాయి. ఆఫీసుల్లో కనిపించే 2 అడుగుల చదరపు పలకలది ఒకటి. దానిని ఏ కంపెనీ సరుకైనా అందరూ ఆర్మ్‌స్ట్రాంగ్ సీలింగ్ అనే పిలుస్తారు. టీ ఆకారపు పట్టీలను తీగలతో వేలాడదీసి, ఆ గళ్లలో పలకలను పైనుంచి కూర్చోబెడతారు. ఏ పలకనైనా ఎత్తి పైన ఏం జరుగుతోందో చూసుకోవచ్చు కనుక నాకు అది మొదట చాలా నచ్చింది. కానీ పలకను ఏటవాలుగా గడిలోంచి పైకి దూర్చి మళ్లీ సమంగా దించాలంటే పట్టీల పైన కనీసం 3, 4 అంగుళాల ఖాళీ కావాలి. పట్టీ ఎత్తు కూడా కలిపితే 5 అంగుళాలు పోతాయి. మా గదిలో అంత ఇవ్వలేను. రెండవది పీవీసీ పట్టీల సీలింగ్. రేకుల ఇళ్లకు మన ప్రాంతమంతా ఇప్పుడు అదే వేస్తున్నారు. తేలిక, తడికి పాడవదు, పలుచన. అయితే నిప్పంటుకుంటే పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్ద మనిషి మెట్లు దిగి రావలసిన మేడ గదిలో ఆ పొగను ఊహించుకోవడం నా వల్ల కాలేదు. మూడవది ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పూత. దానికి మంచి పనివాడు దొరకాలి. దొరికినా గది నిండా రెండు వారాలు తడి, దుమ్ము.

మిగిలింది జిప్సం షీటు. జిప్సంలో బరువులో ఐదో వంతు నీరు రసాయనికంగా బంధించబడి ఉంటుంది. మంట తగిలినప్పుడు ముందు ఆ నీరు ఆవిరి కావాలి కనుక నిప్పుకు కొంతసేపు ఎదురు నిలుస్తుంది. అయితే మామూలుగా వేసే పద్ధతిలో దానికీ లోతు చాలా కావాలి. శ్లాబుకు బిగించిన పట్టీల నుంచి 4 అడుగులకొక మోత చానెల్‌ను, అంటే బరువు మోసే లోహపు పట్టీని వేలాడదీసి, దాని కింద అడ్డంగా ఒకటిన్నర అడుగుకొకటి చొప్పున సెక్షన్లు అనే వెడల్పాటి లోహపు పట్టీలను తగిలించి, వాటికి షీటును బిగిస్తారు. ఈ రెండు వరసలకు, వేలాడే పట్టీకి, పనివాడి చేయి పట్టడానికి కలిపి 5, 6 అంగుళాలు సులువుగా పోతాయి.

ఇక్కడే మాకు దారి దొరికింది. పై వరసలోని మోత చానెల్‌ను పూర్తిగా తీసేసి, సెక్షన్లను యు ఆకారపు చిన్న బ్రాకెట్లతో నేరుగా శ్లాబుకే బిగించవచ్చు. బ్రాకెట్ నడుమ భాగం శ్లాబుకు, రెండు కాళ్లు సెక్షన్‌కు చెరొక పక్కన. సెక్షన్ లోతు 26 మిల్లీమీటర్లు, షీటు మందం పన్నెండున్నర మిల్లీమీటర్లు, మొత్తం కలిపి ఒకటిన్నర అంగుళం. శ్లాబు ఎగుడుదిగుళ్లను సర్దుకోవడానికి కాళ్ల వెంట సెక్షన్‌ను పైకీ కిందికీ జరుపుకోవచ్చు. మా ఊళ్లో సీలింగ్ వేసేవారిలో ఈ పద్ధతిని చేసి చూసినవారు తక్కువ. నేను కాగితం మీద గీసి చూపిస్తే, ఒక యువ పనివాడు మాత్రం గుంటూరులో ఒక ఆసుపత్రి వరండాకు ఇలాగే చేశానని చెప్పాడు. పని ఆయనకే అప్పగించాను.

కానీ ఆ పని మొదలుపెట్టే ముందు చేయవలసినవి రెండు ఉన్నాయి. వాటిని వదిలేసి సీలింగ్ వేయించుకునేవారిని చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది. మా శ్లాబుకు ఈశాన్యపు మూలలో పెచ్చులు ఊడుతున్నాయి. పైనుంచి దిగిన చెమ్మ లోపలి ఇనుముకు తగిలి తుప్పు పడుతుంది, తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొట్టుకుని బయటికి వస్తుంది. పెచ్చు ఊడడం అంటే ఇదే. దానిని సీలింగ్‌తో కప్పేస్తే జబ్బు ఆగదు, కంటికి కనబడదు అంతే. పైగా ఒకరోజు పెద్ద పెచ్చు ఊడి సీలింగ్ మీద పడుతుంది. మేము ఆ మూలలో వదులుగా ఉన్నదంతా సుత్తితో తట్టి రాల్చి, కడ్డీలను తీగ బ్రష్షుతో మెరిసేదాకా గీకి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన సిమెంటు మాలుతో పూడ్చాము. ఏడు రోజులు తడుపుతూ ఉంచాము.

రెండవది మేడ పైభాగం. వేడిని ఆపవలసిన మొదటి చోటు గది లోపల కాదు, పైన ఎండ పడే చోట. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించినప్పుడు ఆ వార్తలు చదివి, తెల్లటి పైకప్పు ఎండను తిప్పికొట్టడం ఎంత చవకైన ఉపాయమో తెలుసుకున్నాను. సున్నానికి పేరుపడిన పిడుగురాళ్ల మా జిల్లాలోనే ఉండగా, మా తాతల కాలంలో ఏటా డాబాకు సున్నం కొట్టే అలవాటును మేము ఎందుకు మానేశామో తెలియదు. ముందు పగుళ్లన్నీ పూడ్చి, వాన నీరు గొట్టాల వైపు పారేలా వాలు సరిచేసి, నీరు దిగని పూత వేయించి, దాని మీద తెల్లటి పూత రెండుసార్లు వేయించాను. ఆ తరువాత ఒక వానాకాలం మొత్తం ఆగాము. చెమ్మ మరక ఒక్కటీ కొత్తగా రాలేదని చూసుకున్నాకే సీలింగ్ మాట ఎత్తాను. అంత ఓపిక ఎందుకని కొందరు అడిగారు. నేరుగా శ్లాబుకు బిగించే సీలింగ్‌లో పలక ఎత్తి చూసే అవకాశం లేదు కనుక, దాని పైన ఏ సందేహమూ మిగలకూడదు.

కొలత రోజున నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ గుర్తుంది. శ్లాబు సమంగా ఉంటుందని మనం అనుకుంటాము. నీళ్లు నింపిన గొట్టంతో గది నాలుగు గోడల మీద నేల నుంచి 4 అడుగుల ఎత్తులో ఒకే మట్టంలో గుర్తులు పెట్టి, సుద్ద దారంతో గీత కొట్టించాను. ఆ గీత నుంచే పైకి కొలవాలి కానీ నేల నుంచి కొలవకూడదు, ఎందుకంటే నేల కూడా నీళ్లు పోవడానికి గుమ్మం వైపు వాలి ఉంటుంది. లేజర్ యంత్రం ఉంటే పని తొందరగా అవుతుంది, అయితే నీటి గొట్టం ఎప్పుడూ అబద్ధం చెప్పదు. రెండేసి అడుగులకు ఒక చోట శ్లాబును కొలుచుకుంటూ పోతే, కొన్నిచోట్ల 8 అడుగుల పదిముప్పావు అంగుళాలు, ఒక్కచోట మాత్రం 8 అడుగుల 9 అంగుళాలు వచ్చింది. అంటే కచ్చితంగా ఒకటిముప్పావు అంగుళాల తేడా!

సీలింగ్ సమంగా ఉండాలంటే శ్లాబు ఎక్కడ అన్నిటికంటే కిందికి ఉందో అక్కడి నుంచే లెక్క మొదలవుతుంది. ఆ ఒక్క చోటు గది మొత్తం ఎత్తును శాసిస్తుంది. అక్కడ తట్టి చూస్తే అది శ్లాబు కాదు, పూతలో మిగిలిపోయిన మాలు ముద్ద. అరచేయంత ముద్ద. దానిని ఉలితో అర అంగుళం చెక్కించాను. గది మొత్తానికి అర అంగుళం తిరిగి వచ్చింది. ఎత్తు లేని గదిలో ఇంత సులువుగా వచ్చే లాభం ఇంకొకటి లేదు. ఇప్పుడు అతి తక్కువ చోటు 8 అడుగుల తొమ్మిదిన్నర అంగుళాలు. అందులోంచి ఒకటిన్నర అంగుళం తీసేస్తే సీలింగ్ అడుగు 8 అడుగుల 8 అంగుళాల దగ్గర నిలిచింది. ఫ్యాన్ రెక్కలు 7 అడుగుల 8 అంగుళాల దగ్గర. నాన్నగారు చేతులెత్తి నిలబడితే వేలి కొసకు, రెక్కకు మధ్య ఇంకా నాలుగు వేళ్ల చోటుంది.

శ్లాబుకు రంధ్రాలు వేయడం ఈ పనిలో అత్యంత జాగ్రత్త కోరే ఘట్టం. ఇళ్లలో కరెంటు పైపులు శ్లాబు లోపలే పోయించి ఉంటాయి. సాధారణంగా స్విచ్ బోర్డు నుంచి గోడలో నిటారుగా పైకి వెళ్లి, అక్కడి నుంచి ఫ్యాన్ పెట్టెకు దగ్గరి దారిలో సాగుతాయి. అయితే పాతకాలపు పనివాళ్లు ఎక్కడ వంచి ఉంటారో చెప్పలేము. మేము మెయిన్ స్విచ్ ఆపేసి, ఫ్యాన్ పెట్టె మూత తీసి, ఏ పైపు ఏ దిక్కు నుంచి వస్తోందో చూసి, ఆ దారుల వెంట శ్లాబు మీద ఎర్ర సుద్దతో జానెడు వెడల్పున గీతలు గీశాము. ఆ గీతల లోపల ఒక్క రంధ్రం కూడా వేయలేదు. డ్రిల్లు బిట్టుకు ఒకటిన్నర అంగుళం దగ్గర టేపు చుట్టి, అంతకంటే లోతుకు పోకుండా చూసుకున్నాము. లోపల కడ్డీ తగిలితే బిట్టు శబ్దం మారుతుంది. అప్పుడు మొండికి పోకుండా రెండు అంగుళాలు పక్కకు జరగాలి. ప్లాస్టిక్ గుళికలు వద్దని, లోహపు యాంకర్లే వాడమని పట్టుబట్టాను. వేసవిలో శ్లాబు కాలే వేడికి, ఏళ్ల తరబడి వేలాడే బరువుకు ప్లాస్టిక్ పట్టు వదులుతుంది. ఆ బరువు తక్కువేమీ కాదు. 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న ఒక్కొక్క షీటు దాదాపు 20 కిలోలు తూగుతుంది. గది మొత్తానికి వంద కిలోలకు పైగా తల మీద ఉంటుంది. బ్రాకెట్లను 4 అడుగులకొకటి పెట్టవచ్చునన్నా, మా పాత శ్లాబు మీద నమ్మకం చాలక 2 అడుగులకొకటి పెట్టించాను.

ఫ్యాన్ మాత్రం సీలింగ్ చట్రానికి ఏ విధంగానూ తగలకూడదు. శ్లాబులోని పాత ఇనుప కొక్కేనికే వేలాడాలి. ఆ కొక్కేన్ని కూడా గీకి చూసి, అరుగుదల లేదని నిర్ధారించుకుని, రాడ్డు దిగే చోట షీటుకు నాలుగంగుళాల గుండ్రటి రంధ్రం కోయించాను. గిన్నె మూత పైకి జరిపితే ఆ రంధ్రం కనబడదు. వైర్ల అతుకులు ఒక్కటి కూడా సీలింగ్ పైన మిగలకుండా, అన్నిటినీ గోడలోని పెట్టెల్లోకి మార్పించాను. మూసేసిన చోట అతుకు ఉంటే, అది వదులైన రోజున షీటు పగలగొట్టడం తప్ప మార్గం ఉండదు.

సెక్షన్లు బిగించే ముందు, శ్లాబు అడుగున అల్యూమినియం రేకు అతికించిన పలుచటి ఫోమ్ షీటును, మెరిసే వైపు కిందికి ఉండేలా అంటించాము. ఇంత తక్కువ ఖాళీలో ఇది ఏం చేస్తుందని పనివాళ్లు అడిగారు. పైనుంచి కిందికి దిగే వేడిలో గాలి కదలిక వాటా చాలా తక్కువ, ఎందుకంటే వేడి గాలి పైనే ఉండిపోతుంది. ఎక్కువ భాగం కాలిన ఉపరితలం నుంచి కిరణాల రూపంలోనే దిగుతుంది. మెరిసే లోహపు తలం ఆ కిరణాలను చాలా తక్కువగా వెలువరిస్తుంది. దాని ముందు కొద్దిపాటి గాలి ఖాళీ ఉంటే చాలు. మెరుపును పైకి పెట్టి షీటు వీపున పరిస్తే కాలక్రమంలో దుమ్ము పేరుకుని దాని గుణం పోతుంది. కిందికి చూసే తలం మీద దుమ్ము నిలవదు.

షీట్లు ఎక్కించడానికి ముగ్గురు కావాలి. ఇద్దరు ఎత్తితే, మూడవ వ్యక్తి సీలింగ్ ఎత్తుకు సరిపడా కోసిన కర్రకు పైన అడ్డబద్ద కొట్టి దానిని షీటు కింద నిలబెడతాడు. అప్పుడు తొందర లేకుండా స్క్రూలు వేయవచ్చు. 25 మిల్లీమీటర్ల స్క్రూలు, 9 అంగుళాలకు ఒకటి. స్క్రూ తల షీటు మీది కాగితంలోకి కొద్దిగా అణగాలి, కాగితం చిరగకూడదు. పక్కపక్క వరసల అతుకులు ఒకే గీతలో రాకుండా ఇటుక గోడలాగా మార్చి మార్చి వేశాము. అతుకుల మీద కాగితపు టేపు, దాని మీద మూడు పూతలు, ఆరాక గరుకు కాగితంతో రుద్దడం మామూలే.

ఒక తప్పు మాత్రం జరిగింది. షీట్ల అంచులను గోడలకూ, దూలానికీ ఆనించి, ఆ సందును కూడా గట్టి పూతతోనే మూసేశాము. మొదటి వేసవి మే నెల మధ్యకు వచ్చేసరికి దూలం వెంట, పడమటి గోడ వెంట వెంట్రుకంత సన్నని పగులు కనిపించింది. జూన్ నాటికి అది చుట్టూ తిరిగింది. డాబా శ్లాబు పగలు ఎండకు సాగి, రాత్రి చల్లబడి ముడుచుకుంటుంది. వేలాడదీసిన సీలింగ్ అయితే పట్టీలు కొంచెం ఊగి ఆ కదలికను భరిస్తాయి. మాది శ్లాబుకే బిగించినది కనుక శ్లాబుతో పాటు కదులుతుంది, గోడ కదలదు, మధ్యలో గట్టి పూత పగులుతుంది. దోషం పనివారిది కాదు, నేను ఆలోచించని విషయం. అంచుల వెంట 3 మిల్లీమీటర్ల మేర పూతను బ్లేడుతో కోసి తీసేసి, ఆ సందును రంగు పట్టే సాగుడు సీలెంట్‌తో నింపించాను. తరువాతి వేసవిలో పగులు రాలేదు. ఈ పద్ధతిలో వేయించుకునేవారు ఆ సందును మొదటి రోజే వదలాలి.

లైట్ల విషయంలో ఒకటిన్నర అంగుళం లోతు మనకు ఎంచుకునే అవకాశం పెద్దగా ఇవ్వదు. లోపలికి దిగే లైట్లకు చోటు చాలదు, వాటి వెనుక వేడి బయటికి పోయే దారి కూడా ఉండదు. అందుకని సీలింగ్‌కు ఒక్క లైటు కూడా పెట్టలేదు. గోడ మీద పైకి వెలుగు చిమ్మే రెండు లైట్లు పెట్టించాను. తెల్లటి సీలింగ్ ఆ వెలుగును గది అంతా పరుస్తుంది, కప్పు పైకి జరిగినట్లు అనిపిస్తుంది. మొదట వాటిని సీలింగ్‌కు జానెడు దూరంలోనే పెట్టించాను. అంత దగ్గరి నుంచి ఏటవాలుగా పడిన వెలుగులో ప్రతి అతుకూ ఉబ్బుగా కనబడింది. ఒకటిన్నర అడుగు కిందికి దించాక అవి మాయమయ్యాయి. రంగు కూడా మెరుపు లేని తెలుపే వేయించి, దానిని గోడల మీదికి నాలుగు అంగుళాలు దింపించాను. గోడకు, కప్పుకు మధ్య గీత చెరిగిపోతే గది ఎత్తు కంటికి తెలియదు. కర్టెన్ రాడ్డును కిటికీ పైనుంచి తీసి సీలింగ్ పక్కకు మార్చడం అమ్మ ఆలోచన, అన్నిటికంటే ఎక్కువ పని చేసినది అదే.

ఏసీ ఉన్న గదిలో ఈ పని చేయించేవారు ఇంకొకటి చూసుకోవాలి. గోడకు తగిలించే ఏసీ పైనుంచే గాలిని లోపలికి తీసుకుంటుంది. శ్లాబుకు దగ్గరగా ఉన్న ఏసీని అలాగే ఉంచి సీలింగ్‌ను దాని నెత్తి మీదికి దింపితే, గాలి అందక చల్లదనం తగ్గుతుంది. కంపెనీ చెప్పిన ఖాళీ ఎంతో చూసి, కావలసి వస్తే ముందు ఏసీని కిందికి దింపించాలి.

వేసవి రాత్రుల్లో గదిలో తేడా బాగా తెలుస్తోంది. ఇందులో డాబా మీది తెల్లపూత వాటా ఎంత, రేకుది ఎంత, జిప్సందెంత అని విడదీసి చెప్పలేను, కానీ తెల్లపూత ఒక్కటే వేసిన సంవత్సరంలోనే సగం సుఖం దొరికిందని నాన్నగారు అంటారు. ఖర్చు చేయలేనివారు ముందు అది వేయించుకోవాలని నేను కూడా అంటాను.

షీట్లు ఎక్కించే ముందు రోజున శ్లాబు మొత్తాన్ని టేపు పరిచి ఫొటోలు తీశాను. ఎర్ర సుద్ద గీతలు, బ్రాకెట్లు, సెక్షన్లు, పూడ్చిన పెచ్చుల మూల, అన్నీ గోడల నుంచి ఎంతెంత దూరంలో ఉన్నాయో అందులో కనబడతాయి. వాటిని చూసి ఒక పటం గీసి, గదిలోని బీరువా తలుపు లోపలి వైపు అంటించాను. రేపు ఎవరైనా ఆ సీలింగ్‌కు ఏదైనా తగిలించాలని డ్రిల్లు పట్టుకుని మెట్లెక్కితే, నాన్నగారు ముందుగా ఆ బీరువా తలుపు తెరిచి చూపిస్తారు.